రాగి జావా, ఉప్మా సాంబారా? బడిలో పొద్దుటి తిండికి ఏది మేలు

సర్కారు బడిలో పొద్దున్నే పిల్లలకు ఏం పెట్టాలన్నదానికి మన చుట్టుపక్కలే రెండు దారులున్నాయి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి 10 గ్రాముల పిండి, 10 గ్రాముల బెల్లం. తమిళనాడు 2022 సెప్టెంబరు 15 నుంచి ఉప్మా, కిచిడీ, పొంగలి పెడుతోంది. ఒక్కొక్కరికి 50 గ్రాముల రవ్వో బియ్యమో, సాంబారుకు 15 గ్రాముల పప్పు.

పనిలో జావే తేలిక. వంద మందికి కిలో పిండి, కిలో బెల్లం, 15 లీటర్ల నీళ్లు. ఒక్క మనిషి అరగంటలో దించేస్తుంది. పిండిని ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకోవాలి, మరిగే ఎసట్లో నేరుగా పోస్తే ఉండలు కడుతుంది. సరిగా ఉడకకపోతే పచ్చి వాసనకు పిల్లలు కుళాయి దగ్గర పారబోస్తారు.

కానీ ఆ గ్లాసులో ఉండేది సుమారు 70 కేలరీలు, మాంసకృత్తులు గ్రాము కూడా రావు. ఉప్మా సాంబారులో నూనె లెక్కేయకున్నా 220 కేలరీలు, ఎనిమిది గ్రాముల మాంసకృత్తులు. రాగిలో లోపం లేదు, పది గ్రాములు చాలవంతే. తల్లి తెల్లారకముందే కూలికి వెళ్లిన ఇంటి బిడ్డ ఆ జావతో మధ్యాహ్నం దాకా ఎలా ఆగుతుంది?

మరి ఖర్చు? తమిళనాడు తొలి విడతలో 1,545 బడుల్లోని 1.14 లక్షల మందికి ₹33.56 కోట్లు పెట్టింది. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే తలకు రోజుకు ₹13 పైచిలుకు. జావ సరుకులు రెండు రూపాయల్లోపే వస్తాయి. పొద్దుటి తిండి పెట్టాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పినా, కేంద్రం వాటా మధ్యాహ్న భోజనం దగ్గరే ఆగింది. కాబట్టి భారం రాష్ట్రానిదే.

అందుకే, ఉన్న డబ్బును అన్ని బడులకూ జావగా పంచేకంటే వెనుకబడిన మండలాల్లో ముందు రోజూ ఉప్మా పెట్టడం మేలు. వంట బడిలోనే జరగాలి. దూరపు వంటశాల నుంచి వ్యాన్‌లో వచ్చేసరికి రవ్వ నీళ్లు పీల్చుకుని గడ్డకడుతుంది. బడిలో చోటులేని నగరాల్లో అయితే వేరే దారి లేదు.

ఉప్మా దెబ్బతినేది బిల్లుల దగ్గర. డబ్బు ఆలస్యమైతే ముందు తగ్గేది పప్పే. పలచని సాంబారులో ఉన్న కాస్త పప్పూ అడుక్కి చేరుతుంది, గరిటె పైపైన తిప్పితే ముందు వరసకు నీళ్లే పడతాయి. వండే మహిళా సంఘం ఖాతాలో నెల డబ్బు ముందే వేయాలి. వంద మందికి కిలోన్నర పప్పు, పొయ్యి వెలిగించకముందే తూచి ఇవ్వాలి.