నైట్రైల్ సోల్ సేఫ్టీ బూట్లు: స్టీల్ టో కన్నా ముందు పోయేది అడుగే

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. గ్యాస్ కటింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి కాళ్ల కింద ఎప్పుడూ వేడి ఇనుప ముక్కలే. నేను ఏళ్ల తరబడి వాడుతున్న బూట్లు ఒకే రకం: ముందు స్టీల్ టో, అంటే వేళ్లను కాపాడే ఉక్కు టోపీ, మధ్యలో పీయూ (పాలీయురేథేన్ అనే తేలికపాటి నురగ ప్లాస్టిక్) పొర, నేలను తాకే చోట నైట్రైల్ అనే నూనెకు తట్టుకునే రబ్బరు. కంపెనీలు మారాయి కానీ రకం మార్చలేదు.

అంతకుముందు పూర్తి పీయూ సోల్ తొడిగేవాణ్ని. తేలిక, మెత్తన, ధర కూడా తక్కువ. అయితే కటింగ్‌లో రాలిన ఎర్రటి స్లాగ్ (కాలిన ఇనుప చిట్టెం) మీద అడుగు పడితే అక్కడికక్కడే కరిగి గుంట పడేది. నైట్రైల్ అలా లొంగదు. హెచ్‌ఆర్‌ఓ గుర్తు, అంటే వేడిని తట్టుకునే అడుగు అనే గుర్తు ఉన్న సోల్‌ను 300 డిగ్రీల వేడికి నిమిషం పాటు గురిచేసి పరీక్షిస్తారు. గ్రీజు, కటింగ్ ఆయిల్ కూడా దాన్ని అంత తొందరగా తినవు. బరువు మాత్రం బరువే. సాయంత్రానికి పిక్కలు లాగుతాయి, ఆ సంగతి దాచను.

కొట్లో అందరూ స్టీల్ టో మీద వేలితో కొట్టి చూస్తారు. దాంతో తెలిసేది ఏమీ లేదు. లోపల బూటు నాలుక (లేసుల కింది పట్టీ) మీదో పక్కనో ఉన్న ముద్ర చదవాలి. సేఫ్టీ బూట్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 15298లో రెండో భాగమైతే టో 200 జౌల్స్ దెబ్బకు ఆగాలి, అంటే 20 కిలోల ముక్క దాదాపు మీటరు ఎత్తు నుంచి పడినంత. మూడో భాగమైతే అందులో సగమే. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, అందుకే అడిగి మరీ చూడండి. ఇంకొకటి, యాంటీస్టాటిక్ అని రాసి ఉంటే కరెంటు పనికి పనికొస్తుందనుకోవద్దు. అది ఒంట్లో పేరుకున్న స్థిర విద్యుత్తును నేలకు వదలడానికే. కరెంటు వాళ్లకు వేరే బూట్లున్నాయి.

సైజు సాయంత్రం పూట, పనిలో వేసుకునే మందపాటి మేజోళ్లతోనే చూసుకోవాలి. నిలబడి చూస్తే చాలదు, గొంతుక్కూర్చోవాలి. ఫిట్టర్ సగం రోజు అలాగే ఉంటాడు కదా. స్టీల్ టో వెనుక అంచు వేళ్ల మీద నొక్కుకుంటే ఆ జత వద్దు. తోలు సాగుతుందని కొట్టువాడు చెబుతాడు. తోలు సాగుతుంది, ఉక్కు సాగదు.

ఇక అసలు విషయం. ఈ రకంలో రబ్బరు అరగకముందే మధ్యలోని పీయూ ముసలిదైపోతుంది. గాలిలోని తేమకు లోలోపలే విడిపోతుంది. విశాఖ సముద్రపు గాలికి చెప్పేదేముంది! వాడకుండా అటక మీద పెట్టినా ఇంతే. చవగ్గా వచ్చిందని పాత సరుకు కొన్న మా షెడ్డు కుర్రాడొకడి సోల్ కొత్త జతలోనే పెచ్చులుగా ఊడింది. అందుకే నేను కొనేటప్పుడు తయారీ తేదీ చూస్తాను. ముద్రలోనే సంవత్సరం, నెల లేదా త్రైమాసికం ఉంటుంది. వాడుతున్న జతను అప్పుడప్పుడూ రెండు చేతులతో వంచి, మధ్య పొరను బొటనవేలి గోరుతో నొక్కుతాను. గోరు దిగబడి పొడి రాలినా, వంచిన చోట సన్నటి చీలికలు కనిపించినా పైన తోలు ఎంత నిగనిగలాడినా ఆ జత అయిపోయినట్టే. తోలు, సోల్ కలిసే చోట అతుకు విడిచినా అంతే. గమ్ పెట్టి నెట్టుకురావడం నాకు ఇష్టం లేదు.

టో మీద పెద్ద బరువు పడితే సొట్ట కనిపించకపోయినా మార్చేస్తాను. తోలు కింద ఉక్కు ఎంత వంగిందో ఎవరికి కనిపిస్తుంది?

తడిస్తే మేజోళ్లు తీసేసి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెడతాను. ఎండలోనో, కొలిమి దగ్గరో పెడితే తోలు పెళుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. వానాకాలంలో రెండు జతలు మార్చి మార్చి తొడగడం మేలు.

పాత జతను పారేసేటప్పుడు పైతోలు కత్తితో కోసేస్తాను. లేకపోతే ఎవరో ఒకరు బాగానే ఉన్నాయి కదా అని తొడుక్కుని పనిలోకి దిగుతారు.