జాగ్రత్త: ‘నూనె, తేనెమైనం తప్ప ఏదీ ముట్టుకోం’ అన్నవాళ్లకు చెక్క గిన్నె ఇచ్చాను

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పాత చెక్క సామాను బాగుచేసే వీడియోలు చూసేవాళ్లందరికీ ఆయన చేతులు తెలుసు. ముఖం ఎప్పుడూ కనిపించదు, చేతులే. ఎండి బూడిదరంగుకు వచ్చిన గరిటె మీద నూనె చుక్క పడగానే చెక్కకు ప్రాణం వచ్చినట్టుంటుందే, ఆ వీడియోలే. వాటికింద ‘అద్భుతం’ అని రాసినవాళ్లంతా సామాను పంపి చూసినవాళ్లే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మా అమ్మమ్మది పెద్ద చెక్క గిన్నె. అంచు నుంచి కిందికి ఒక పగులు, లోపల తడి ఇనుము ఆనుకుని ఉండిపోయిన చోట నల్ల మచ్చ. మిగతాదంతా గట్టిగానే ఉంది. పగులు అతికించి నూనె పట్టించి ఇవ్వండి, మళ్లీ వంటింట్లో వాడుకుంటాం అని రాసి మరీ పంపాను. ‘తప్పకుండా అండీ, నూనె, తేనెమైనం తప్ప ఏదీ ముట్టుకోం’ అని జవాబు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ‘ఆరుతోంది అండీ’. ఇలాంటి గిన్నెలకు మామూలుగా పట్టించే మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి శుద్ధి చేసి తీసే నూనె) అసలు ఆరే రకం నూనే కాదు, చెక్కలోకి ఇంకుతుంది, అంతే. మరి ఆరుతున్నదేమిటో!

పెట్టె తెరవగానే గుప్పున థిన్నర్ వాసన. గిన్నె షోరూంలో కొత్త కుర్చీ చేతిలా మెరుస్తోంది. లోపల వేలు పెట్టి తడిమితే తెలిసే ఉలి జాడలు, చిన్న చిన్న పల్లాలు, ఒక్కటీ లేదు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే సన్నటి గుండ్రటి గీతలు. తిరిగే సాండర్ మిషన్‌కు 80 నంబరు గరుకు కాగితం పెట్టి అరగదీసి, 120, 180, 220 అని వరసగా ఇంకా నునుపు కాగితాలకు వెళ్లే ఓపిక లేక మధ్యలో ఎగ్గొడితే మిగిలే గీతలవి. ‘అంతా చేత్తోనే’ అట! పగులులో చెక్కపొడి పోసి సూపర్ గ్లూ పట్టించారు. నల్ల మచ్చ పోగొట్టలేదు, గిన్నె మొత్తానికి ముదురు రంగు పూసి దాచేశారు. ఆ పైన దళసరిగా వార్నిష్.

వాడకానికి రాగానే రంగు బయటపడింది, అక్షరాలా. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. పగులు వెంట పూత తెల్లబారింది, తర్వాత పొలుసులుగా లేచింది, ఒక పొలుసు గరిటెకు అంటుకుని వచ్చింది. ఇందులో వింతేం లేదు. చెక్క తడికి ఉబ్బి, ఆరాక ముడుచుకుంటుంది. అదీ నార పొడవునా కాదు, అడ్డంగా. సూపర్ గ్లూ గట్టిపడితే పెళుసు, ఆ కదలికకు సాగదు. పగులు మళ్లీ విచ్చుకుంటుంది, సందులోంచి నీళ్లు పూత కిందికి దూరతాయి, పూత లేస్తుంది. ఈ పనిలో ఉన్న మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఫోటోలు పంపితే చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. ఫోన్ చేశాను.

‘పొర ఊడుతోందండీ, ఇది వార్నిష్ కదా?’

‘నీళ్లు తగిలించారా?’

వంటింటి గిన్నెకు నీళ్లు తగిలించానా అని అడుగుతున్నాడు మహానుభావుడు!

‘కడిగానండీ.’

‘అయ్యో, ఎవరు కడగమన్నారు మిమ్మల్ని? పాత సామాను బాగుచేయించుకునేది షోకేసులో పెట్టుకోడానికండీ.’

వాడుకుంటామని నేను రాసిన మెసేజ్ అలాగే చదివి వినిపించాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు. నిజంగానే నవ్వాడు. ‘అందరూ అలాగే రాస్తారండీ, చివరికి ఎవరూ వాడరు.’

మరి వీడియోలో ఆ నూనె ఏమిటని అడిగితే, ‘అది వీడియో కోసమండీ. నూనె మెరుపు ఎన్నాళ్లుంటుంది? కస్టమర్‌కు మెరుపు నిలవాలి కదా’ అన్నాడు. పొరపాటున వేరే డబ్బా ఎత్తినా, పనివాడు తెలియక చేసినా నాకింత మండేది కాదు. మేం అడిగేది ఒకటి, తను చేసేది ఇంకొకటని తెలిసే చేస్తున్నాడు, పైగా మనం వాడమన్న ధీమా. డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. సగం రేటుకే ఇంకో కోటింగ్ వేసిస్తానన్నాడు! ఆ తర్వాత నా నంబరు బ్లాక్. డబ్బు పోతే పోయింది, ఆ ఉలి జాడలు ఏ కోటింగ్ వేస్తే వస్తాయి?

వార్నిష్ విషమని నేననడం లేదు. ట్రేకో, డబ్బా మూతకో వేసి పూర్తిగా గట్టిపడనిస్తే దాని పని అది చేస్తుంది. కత్తి దిగే పలకకు, గరిటె తగిలే గిన్నెకు, రోజూ తడిసే దేనికైనా పొర కట్టే పూత పనికిరాదు. పట్టించేది అవిసె నూనె అని చెప్పినా ఏ డబ్బాదో అడగండి. రంగుల షాపులో ‘బాయిల్డ్’ అని అమ్మే రకంలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు.

సామాను ఇవ్వక తప్పదనుకుంటే ఏం వాడతారో డబ్బా ఫోటోతో సహా తెప్పించుకోండి. డబ్బు సగమే ముందివ్వండి. వెనక్కి రాగానే అడుగున కనబడని చోట బ్లేడుతో కాస్త గీకండి. పొరలా చుట్టుకుని లేస్తే అది పూత. లేదా ఇంట్లోనే చేసుకోండి: నాలుగు పాళ్లు తినదగిన రకం మినరల్ ఆయిల్, ఒక పాలు తేనెమైనం, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తే చాలు. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు చిక్కు వాసన వేస్తుంది. అవిసె నూనె వాడేవాళ్లు ఆ గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. విప్పి, పరిచి ఆరేయండి.

ప్రస్తుతం స్క్రేపర్ రేకుతో వార్నిష్ గీకుతున్నాను, వస్తోంది. పగులులో జిగురే మొండికేస్తోంది. అసిటోన్‌కు మెత్తబడుతుంది, కానీ పక్కనున్న రంగును చెక్కలోకి ఇంకా లోతుకు దించుతుందేమోనని ఆగాను. పగులుకు రెండు వైపులా కన్నాలు వేసి రాగి తీగతో కుట్టించి, ఆ గిన్నెను నిజంగా వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే తడి తగిలాక కుట్టు వదులవుతుందో లేదో చెప్పండి.