పెంపుడు బ్రాయిలర్‌కు ఫినిషర్ దాణా పనికొస్తుందా?

తిరుపతి, చిత్తూరు దాణా అంగళ్లలో బ్రాయిలర్ కోడికి మేత కావాలంటే సాధారణంగా చూపించేది ఫినిషర్ గుళికల సంచినే. నాసిరకం సరుకేం కాదు. గుళికలు సమంగా ఉంటాయి, పొడి తక్కువ, మాంసకృత్తులు 19-20 శాతం. ఆరు వారాల్లో కోడిని రెండు కిలోలు దాటించడానికి కుదిర్చిన మేత అది. కోయకుండా ఏళ్ల తరబడి సాకాలనుకునే కోడికి మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ జాతిని త్వరగా పెరగాలని, బాగా తినాలని తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. గిన్నె నిండా పోసి వదిలేస్తే ఒళ్లు బరువెక్కి కాళ్లు మోయలేవు, గుండె చాలదు, పొట్టలో నీరు చేరుతుంది. తలమీది ఎర్రజుట్టు నీలం తిరిగి, కోడి ఎగరొప్పుతుంటే ఆలస్యం చేయకుండా తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అడగాల్సింది గుడ్ల కోళ్ల గ్రోయర్ మాష్, అంటే ఎదిగే వయసు కోళ్లకిచ్చే పొడిమేత. మాంసకృత్తులు 16 శాతం దగ్గర ఉంటాయి. పొడిగా ఉంటుంది కాబట్టి తినడానికి ఎక్కువసేపు పడుతుంది, ఎప్పుడూ ఆకలిగా ఉండే కోడికి అది మేలే. పిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు స్టార్టర్ (పిల్లల మేత) పెట్టి, నేరుగా దీనికి మార్చొచ్చు. రోజుకు కొంత కలుపుతూ వారంలో పూర్తిగా మార్చాలి. గ్రోయర్ లేదని లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) మేత ఇస్తే తీసుకోకండి. అందులో కాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది, పుంజులకూ గుడ్లకు రాని పెట్టలకూ మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెట్ట గుడ్లకొచ్చాక కాల్షియం కోసం ఆల్చిప్ప గుల్ల ముక్కలు వేరే గిన్నెలో పెడితే చాలు.

ఎదిగిన కోడికి రోజుకు 100-120 గ్రాములు, రెండు పూటలుగా, తూచి పెట్టాలి. వారానికోసారి కోడినీ తూచాలి. పెట్ట 4 కిలోలు, పుంజు 4.5 కిలోలు దాటుతుంటే పది గ్రాములు తగ్గించండి, ఒక్కసారిగా సగం కోసేయొద్దు. కోడి ఇంకా కావాలని అరుస్తుంది. మనసు ఒప్పక గుప్పెడు ఎక్కువ వేయడమే అసలు ప్రమాదం. తరిగిన తోటకూర, మునగాకు వేయండి, మేతను ఊకలో చల్లి వెతుక్కోనివ్వండి. రెండు కోళ్లుంటే రెండు గిన్నెలు తప్పనిసరి, లేకపోతే బలమైనది రెండో దాని వాటా కూడా తినేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరులోపు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి పెట్టాలి. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, మధ్యాహ్నపు ఎండకు అది తోడైతే ఈ కోళ్లు తట్టుకోలేవు. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఇబ్బందల్లా సంచి పరిమాణంతోనే. రెండు కోళ్లకు 50 కిలోల సంచి ఏడు నెలలు వస్తుంది, అంతకాలం మేత నిలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మొక్కజొన్నకు బూజు పట్టి విషం చేరుతుంది, అది కాలేయాన్ని పాడుచేస్తుంది. నెలకు సరిపడా ఏడు కిలోలు విడిగా తూయించుకోండి. అయితే కళ్లముందే సంచి విప్పించి, చీటీ మీద తయారీ తేదీ, మాంసకృత్తుల శాతం చదివాకే డబ్బులివ్వండి. గడ్డలు కట్టినా, ముక్కిపోయిన వాసన వచ్చినా వద్దనండి.