కాలేజీ ఫీజుకు ఏది మేలు: రీయింబర్స్‌మెంటా, బ్యాంకు లోనా, రెండ్రూపాయల వడ్డీయా?

"సార్, సీటొచ్చింది. ఫీజుకి ఊళ్లో రెండ్రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నా." కౌన్సెలింగ్ రోజుల్లో ఏటా ఎవరో ఒక తండ్రి నాతో ఈ మాట అంటాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, వెంటనే కాగితం తీస్తాను.

తెలంగాణలో ఇంజినీరింగ్‌లో చేరుతున్న బీసీ అమ్మాయి అనుకుందాం. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు 10,000 దాటింది. కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష. రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఇచ్చేది 35,000. మిగతా 65,000 ఇంటివాళ్లే చూసుకోవాలి, నాలుగేళ్లకు 2,60,000. దాన్ని ఏటా రెండ్రూపాయల వడ్డీకి తెస్తే నూటికి ఏడాదికి 24 అన్నమాట. బారువడ్డీ వేసుకున్నా, చదువు అయ్యేసరికి వడ్డీ ఒక్కటే 1,56,000. బ్యాంకులో 10 శాతానికి దొరికితే అదే లెక్కన 65,000. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక కోర్సు చదువుతుంటే, కోర్సు కాలానికీ ఆపైన ఇంకో ఏడాదికీ ఆ వడ్డీని కేంద్రమే కడుతుంది. ఈ రాయితీ సంగతి చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగేది అక్కడే.

అయితే ముందు చూడాల్సింది మాత్రం రీయింబర్స్‌మెంటే. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఈ పథకం లేకపోతే మా క్లాసులో కూర్చున్న పిల్లల్లో సగం మంది ఇంజినీరింగ్ గడప తొక్కేవారు కాదు. తిరిగి కట్టక్కర్లేని డబ్బుకు మించింది ఏముంటుంది? ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి 2.5 లక్షలు. తెలంగాణలో బీసీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్నాల్లో 2 లక్షలు. రెండు చోట్లా మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. అందుకే నా దృష్టిలో అసలు నిర్ణయం కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీలు కావాలో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల రోజే అయిపోతుంది. పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనడం కంటే ఓ మెట్టు కింది కాలేజీలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చే కన్వీనర్ సీటు చాలా ఇళ్లకు మేలు.

రీయింబర్స్‌మెంట్‌కున్న లోపం ఆలస్యం. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. మా మేనకోడలికి ఈ దెబ్బ నేరుగా తగిలింది. ఉద్యోగం వచ్చింది, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. కాలేజీ ఆఫీసులో, "రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదమ్మా, మీరు కట్టేసి తీసుకెళ్లండి, పడ్డాక తిరిగిస్తాం" అన్నారు. మా అక్క మెడలో గొలుసు తీసి బ్యాంకులో పెట్టింది. సర్టిఫికెట్ల కవరు చేతికొచ్చాక ఆ పిల్ల బస్సులో ఇంటిదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

అప్పటి నుంచి ఒకటే చెబుతున్నాను: రీయింబర్స్‌మెంట్ వచ్చినా, మిగతా ఫీజుకు మొదటి ఏడాదే బ్యాంకు లోన్ శాంక్షన్ చేయించుకోండి. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే విడుదలవుతుంది, తీసుకున్నంతకే వడ్డీ. బంగారం మీద అప్పు ఊరి వడ్డీకన్నా నయమే. కానీ చదువు పూర్తయ్యేదాకా ఆగే ఓపిక దానికి ఉండదు. ఏడాది తిరిగేసరికి కట్టాలి, లేదా తిరగరాయించుకోవాలి.

బ్యాంకుకు వెళ్తే, "రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, లోన్ ఎందుకు?" అనో, "ఇల్లు కాగితాలు తెచ్చారా?" అనో అడుగుతారు. టెన్షన్ పడొద్దు. మొదటిదానికి కాలేజీ ఇచ్చిన ఫీజు వివరాల కాగితం చూపించి, మిగతా మొత్తానికే అడుగుతున్నామని చెప్పండి. రెండోదానికి జవాబు రిజర్వు బ్యాంకు నిబంధనలోనే ఉంది: 4 లక్షల లోపు విద్యా రుణానికి తాకట్టు అడగకూడదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే విద్యా రుణ పథకం కింద, ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టూ అక్కర్లేదు, హామీదారూ అక్కర్లేదు. ఎన్‌ఐటీ, ఐఐటీ పిల్లలకు ఇది మంచి దారి.

నాకు ఎక్కువ జాలి వేసేది ఏడాదికి మూడు, నాలుగు లక్షలు వచ్చే ఇళ్ల మీద. పేదవాళ్ల లెక్కలో పడరు, ఫీజు కట్టే స్థోమతా ఉండదు. అలాంటి ఇంట్లో ఆడపిల్ల ఉంటే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు తప్పక పెట్టాలి. ఆదాయం 8 లక్షల వరకు ఉండొచ్చు, ఏడాదికి 50,000 ఇస్తారు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా. మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. మెరిట్ చూసి ఎంపిక చేస్తారు కాబట్టి దాన్నే నమ్ముకుని లోన్ మానేయకూడదు.

ఈ ఏడాది వచ్చిన తండ్రి నా కాగితం మీద 1,56,000 అన్న అంకె దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. అది మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవలో లైనులో నిలబడి నాకు ఫోన్ చేశాడు: "సార్, బ్యాంకుకి పాప కూడా రావాలా?"

రావాలి. లోను ఆమె పేరు మీదే ఉంటుంది, తండ్రి సహ రుణగ్రహీత.