వంశ చిహ్నం జెండా: రంగులు వేయాలా, ముక్కలు కలపాలా, అప్లిక్ చేయాలా?

సింహమో, గళ్లో, పట్టీలో ఉన్న మధ్యయుగపు యూరప్ వంశ చిహ్నం జెండాను ఇంట్లో తయారు చేయడానికి మూడు దారులున్నాయి. గుడ్డ మీద పెయింట్ వేయడం ఒకటి, రంగు ముక్కలు కలిపి కుట్టడం ఇంకొకటి, గుడ్డ మీద వేరే గుడ్డతో బొమ్మ కుట్టే అప్లిక్ వర్క్ మూడోది. (ఫ్లెక్సీ షాపులో ప్రింట్ కొట్టించడం కూడా ఒక దారే. అది చాలనుకునేవాళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదు.) మొదటిసారి కుట్టేవాళ్లు ఏది తేలిక అని అడుగుతారు. ముందు ఏ చిహ్నం కుడుతున్నారో చెప్పండి అంటాను నేను.

ఇంగ్లండు పాత వంశాల్లో మూడింటిని తీసుకుందాం. వారెన్ వాళ్లది పసుపు, నీలం గళ్లు. క్లేర్ వాళ్లది పసుపు మీద మూడు ఎర్ర పట్టీలు, ఒక్కోటి ఇంటి పైకప్పు వాసాల్లా రెండు వైపులకీ వాలి ఉంటుంది. పెర్సీ వాళ్లది పసుపు మీద వెనక కాళ్ల మీద లేచిన నీలం సింహం. ఈ పసుపు బంగారం కింద లెక్క. బంగారం, వెండి (అంటే తెలుపు) ఒక జట్టు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా ఇంకో జట్టు. ఒక జట్టు రంగు మీద అదే జట్టు రంగు వేయకూడదని నియమం. సొంతంగా చిహ్నం తయారు చేసుకునేవాళ్లు ఈ ఒక్కటి పాటించినా జెండా దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు, జెండాను రెండు వైపుల నుంచీ చూస్తారు. ఎటు నుంచి చూసినా సింహం మొహం కర్ర వైపే ఉండాలి. రెండు గుడ్డల మీద ఒకేలాంటి సింహాలు చేసి వీపులు కలిపి కుట్టేస్తే, రెండోది కర్ర వదిలేసి పారిపోతున్నట్టు ఉంటుంది. రెండోదాన్ని తిప్పి గీసుకోవాలి. మన జాతీయ జెండా విషయంలోనూ ఫ్లాగ్ కోడ్ ఇలాంటి షరతే పెట్టింది. అశోక చక్రం రెండు వైపులా పూర్తిగా కనిపించాలి, దాన్ని ప్రింట్ చేయొచ్చు, స్టెన్సిల్ వేయొచ్చు, ఎంబ్రాయిడరీ చేయొచ్చు.

పెయింట్‌ను చిన్నచూపు చూసేవాళ్లున్నారు, కుట్టకపోతే అసలుది కాదని. అది ఉత్త మాట. 1476లో ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని గ్రాన్సన్ దగ్గర బుర్గుండీ డ్యూక్ సైన్యం ఓడినప్పుడు స్విస్ వాళ్లకు చిక్కిన జెండాల్లో పట్టు మీద రంగులతో, బంగారంతో చిత్రించినవి ఉన్నాయి. కుట్టుమిషను లేనివాళ్లకు, సింహం జూలు, గోళ్లు వివరంగా కావాలనుకునేవాళ్లకు ఫ్యాబ్రిక్ పెయింటే దిక్కు. కాకపోతే లేత గుడ్డ మీద ముదురు రంగు వేసేలా ఉండాలి. పసుపు మీద నీలం సింహం ఒక పూటలో అయిపోతుంది. నీలం మీద పసుపు పువ్వులు వేయాలంటే మాత్రం కింద తెలుపు, పైన రెండు మూడు పూతలు పడతాయి. ఆరాక అక్కడ గుడ్డ అట్టలా బిగుసుకుపోయి గాలికి సరిగ్గా ఎగరదు, మడతపెడితే పగుళ్లిస్తుంది. పైపుకి చుట్టి దాచాలి.

ముక్కలు కలపడం వారెన్ గళ్లకు తప్ప నేను సిఫారసు చేయను. దానికి మాత్రం ఇంతకు మించింది లేదు. 30 అంగుళాల చదరం కావాలంటే ఆరేసి అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న పట్టీలు మూడు పసుపు, మూడు నీలం తీసుకోండి. అర అంగుళం కుట్టు వదిలి ఒకటి విడిచి ఒకటి కలిపి కుట్టండి. దాన్ని అడ్డంగా మళ్లీ ఆరేసి అంగుళాలకు కోసి, పట్టీ విడిచి పట్టీని ఈ కొస ఆ కొసకు వచ్చేలా తిప్పి కుడితే గళ్లు వచ్చేస్తాయి. కుట్టు దగ్గరి మడతలను నీలం వైపుకే ఇస్త్రీ చేయండి, పసుపులోంచి నీలం కనబడకుండా ఉంటుంది. ఒక్క కుట్టు పక్కకు పోయినా మూలలు కలవవు, అదీ దీంతో టెన్షన్. వెనక కుట్లు కనబడకుండా లైనింగ్ కూడా వేయాలి.

మిగతా అన్నిటికీ నా ఓటు అప్లిక్‌కే. పెర్సీ సింహాన్నే చూడండి. పసుపు పాప్లిన్ వెనక వైపు సింహం గీత గీయండి. ముందు వైపు, సింహం కంటే పెద్దదైన నీలం గుడ్డ ముక్క పెట్టి కచ్చా కుట్లు వేయండి. గీత మీదుగా చిన్న కుట్టుతో మిషను నడపండి. ముందు వైపు గీత బయట ఉన్న నీలం కత్తిరించేయండి. తర్వాత జెండా తిప్పి, గీత లోపలి పసుపు కత్తిరించేయండి. అంతే, అదే నీలం ముక్క వెనక నుంచి కూడా సింహమై, కర్ర వైపే చూస్తూ కనిపిస్తుంది. ఒకే పొర కాబట్టి జెండా బరువెక్కదు, బాగా ఎగురుతుంది. రెండో కత్తిరింపే గండం. కత్తెర పెట్టే ముందు రెండు గుడ్డల్నీ వేళ్లతో విడదీసి పట్టుకోవాలి, లేకపోతే సింహానికే చిల్లు పడుతుంది.

చివరగా అంచుల మీద జిగ్‌జాగ్ కుట్టు, బాబిన్‌లోనూ నీలం దారమే. కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి కుడితే గుడ్డ ముడతలు పడదు, కాగితం తర్వాత చింపేయొచ్చు. మన ఇళ్లలో ఉండే పాత నల్ల మిషన్లకు జిగ్‌జాగ్ ఉండదు. అప్పుడు అంచంతా చేత్తో కాజా కుట్టు వేసుకోవాలి, ఓపిక కావాలి. సింహం నాలుక, గోళ్లు ఎర్రగా ఉండాలి. అంత చిన్న ముక్కలతో తంటాలు పడకుండా అక్కడ మాత్రం పెయింటే వేసేయండి.

మొదటి జెండా అయితే సింహం జోలికి పోకుండా క్లేర్ పట్టీలతో మొదలుపెట్టమంటాను. అన్నీ తిన్నని గీతలే, అంచు లోపలికి మడిచి మామూలు కుట్టు వేస్తే సరిపోతుంది. వెనక్కి కూడా అవే పట్టీలు ఎదురెదురుగా వేయండి. తిప్పి గీసే బాధ కూడా లేదు, ఆ బొమ్మ ఎటు చూసినా ఒకటే. గుడ్డలు మాత్రం ముందే విడివిడిగా నానబెట్టి ఆరేయండి. ఎర్ర పాప్లిన్ రంగు దిగితే మొదటి వానకే పసుపంతా నారింజ మరకలవుతుంది. కర్ర దూర్చే గొట్టానికి రెండు పొరల గుడ్డ, రెండు వరసల కుట్టు వేయండి. గాలి లాగేది అక్కడే.