థర్టీ-థర్టీలో 170 గ్రెయిన్ల పోత బుల్లెట్: దొంగ మెడలో ఉన్నాడు

థర్టీ-థర్టీ (.30-30) తూటా పేల్చే లీవర్ రైఫిల్ కోసం ఇంట్లోనే సీసం పోసి చేసుకున్న బుల్లెట్ సమీక్ష ఇది. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో సగం బుల్లెట్ గురించి, మిగతా సగం కేసు (తూటా ఇత్తడి గొట్టం) మెడ తెరిచే ఎక్స్‌పాండర్ మీద కోపం. లీవర్ యాక్షన్‌కి మొద్దు ముక్కు ఎందుకో, గ్యాస్ చెక్ (బుల్లెట్ అడుగుకి తొడిగే రాగి టోపీ) ఎందుకో ఈ రైఫిల్ పట్టుకున్నవాళ్ళకి తెలుసు. ట్యూబ్ మ్యాగజైన్‌లో ముందున్న తూటా ప్రైమర్‌కి వాడి ముక్కు ఆనకూడదు. ఆ పాఠం ఇక్కడితో సరి.

వాడుతున్నది 170 గ్రెయిన్ల ఫ్లాట్ నోస్, గ్యాస్ చెక్ అడుగు, రెండు గుంటల అచ్చు. రైఫిల్ మార్లిన్ 336, మైక్రో-గ్రూవ్ (లోపలి మెలిక గాళ్ళ లోతు తక్కువగా ఉండే) బారెల్. నాలుగు సీజన్లు, దాదాపు మూడు వేల బుల్లెట్లు.

మొదటి సీజన్‌లో ఎవరడిగినా ఈ అచ్చునే పొగిడేవాణ్ణి. కారు చక్రాలకి బిగించే వీల్ వెయిట్ల సీసం, అచ్చు తెరవగానే బుల్లెట్ నేరుగా నీళ్ళ బకెట్‌లోకి, 0.310 అంగుళానికి సైజింగ్ (డైలోంచి తోసి వ్యాసం సరిచేయడం), తేనెమైనం, ఆలాక్స్ అనే జిడ్డు సగం సగం కలిపిన లూబ్ (జారుడు పూత). వంద గజాల్లో ఐదు దెబ్బలు రెండంగుళాల లోపు పడేవి. బారెల్ మూతి చుట్టూ బూడిద రంగు లూబ్ నక్షత్రం, లోపల సీసం జాడ లేదు. మైక్రో-గ్రూవ్‌కి పోత బుల్లెట్ అచ్చిరాదన్న పాత మాట ఉత్తదే అనిపించింది. ఆ పొగడ్త అబద్ధం కాదు గానీ, దానికి ఆధారం ఏమిటో అప్పటికి తెలియదు.

నీళ్ళలో పడి గట్టిపడిన బుల్లెట్ బ్రినెల్ కాఠిన్యం కొలతలో ఇరవై దగ్గర ఉంటుంది. టార్గెట్ అట్ట మీద అది ముద్దుగా ఉంటుంది గానీ వేటలో పెద్దగా విచ్చుకోకుండా దూసుకుపోతుంది. అందుకని రెండో సీజన్‌కి మిశ్రమం మార్చాను: వీల్ వెయిట్లు సగం, మెత్తని సీసం సగం, పైన రెండు శాతం తగరం, గాలికే చల్లారనివ్వడం. కాఠిన్యం సగానికి తగ్గింది. వేగాన్ని కూడా సెకనుకు 1,700 అడుగుల దగ్గరికి దించాను. అదే అచ్చు, అదే సైజింగ్ డై, అదే లూబ్. గ్రూప్ (దెబ్బలు పరుచుకున్న వెడల్పు) మాత్రం ఐదంగుళాలు! ఇరవై దెబ్బలకే చాంబర్ (తూటా కూర్చునే గది) దాటిన మొదటి నాలుగంగుళాల్లో సీసం పొరలు కట్టింది.

సీసం ఎక్కడ కట్టిందన్నదే ఇక్కడ సగం జవాబు. మూతి వైపు కడితే లూబ్ చివరిదాకా చాల్లేదని. చాంబర్ ముందే కడితే బుల్లెట్ గాళ్ళను నింపడం లేదని, దాని పక్కల నుంచి వేడి వాయువు దూరి అంచుల్ని కోసుకుపోతోందని. గుర్తు కళ్ళెదుటే ఉంది. అయినా లూబ్ మార్చడం, పౌడర్ మార్చడం, స్కోప్ మౌంట్ మరలు బిగించడం, ఇలా రెండు నెలలు వృథా. 0.310కి సైజ్ చేసిన బుల్లెట్ చిన్నదెలా అవుతుందిలే అన్న ధీమా మరి.

చివరికి తయారైన తూటానే సుత్తి పుల్లర్‌తో కొట్టి బుల్లెట్ బయటికి తీసి మైక్రోమీటర్ పెట్టాను. ముందు బ్యాండ్ (బుల్లెట్ చుట్టూ ఉండే లావు పట్టీ) 0.3083. వెనక రాగి చెక్ దగ్గర మాత్రం 0.3095. పెట్టెలో 0.310గా ఉన్నది మెడలోకి దూరి చిక్కిపోయి వచ్చింది. బారెల్‌లోంచి మెత్తని సీసం ముద్ద తోసి కొలిస్తే గాళ్ళ వ్యాసం 0.3088. అంటే పేలకముందే బుల్లెట్ గాడి కంటే చిన్నది.

కారణం డై సెట్‌తో వచ్చే ఎక్స్‌పాండర్ బంతి. అది రాగి తొడుగు బుల్లెట్ కోసం చేసినది, వ్యాసం 0.307. ఇత్తడి కాస్త వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి మెడ లోపల 0.306 మిగులుతుంది. గట్టి బుల్లెట్ ఆ మెడను తానే తెరుచుకుని కూర్చుంటుంది. మెత్తని బుల్లెట్‌ని మెడే పిండేస్తుంది. మొదటి సీజన్‌లో మిగిలిన గట్టి తూటా ఒకటి ఊడదీస్తే 0.3096 చూపించింది. ఏడాది పాటు అచ్చుకి దక్కిన పొగడ్త నిజానికి నీళ్ళ బకెట్‌ది.

మందు రెండు మెట్ల ఎక్స్‌పాండర్, లైమన్ ఎం డై తరహాది. మొదటి మెట్టు బుల్లెట్ కంటే 0.001 తక్కువ, రెండో మెట్టు 0.002 ఎక్కువ. 0.310 బుల్లెట్‌కి 0.309, 0.312 ఉన్న ప్లగ్ పెట్టాను. రెండో మెట్టు కేసు నోట్లోకి 0.060 అంగుళం దిగితే చాలు, గోటికి తగిలేంత అంచు వస్తుంది. బుల్లెట్ అడుగు ఆ గూట్లో నిటారుగా నిలబడుతుంది, వంకరగా దిగదు. కూర్చోబెట్టేటప్పుడు కేసు నోటి దగ్గర సీసం ఉంగరంలా చెక్కుకొస్తుంటే ఇంకా కొంచెం దించాలి. మరీ వెడల్పు చేస్తే నాలుగైదు లోడింగ్‌లకే నోరు చిట్లుతుంది.

0.311 లాంటి పెద్ద బుల్లెట్ పెట్టేముందు ఒక పరీక్ష తప్పనిసరి. పేల్చిన కేసుని సైజ్ చేయకుండా అలాగే తీసుకుని, బుల్లెట్‌ని దాని నోట్లోకి వదలాలి. జారిపోతే చాంబర్ మెడలో చోటుంది. పట్టేస్తే లేదు; మెడ విచ్చుకుని బుల్లెట్‌ని వదలడానికి సందు ఉండదు, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాంటి చాంబర్‌లో 0.311 ఆశ వదులుకోవాలి.

క్రింప్ (బుల్లెట్ కదలకుండా కేసు నోరు లోపలికి ముడవడం) విడిగా చేయాలి. బుల్లెట్ దిగుతుండగానే కేసు నోరు ముడుచుకుంటే మెత్తని సీసాన్ని గీరేస్తుంది. కేసులన్నీ ఒకే పొడవు, 2.030 అంగుళాలకి కోసుకోవాలి. గరిష్ఠం 2.039. కాస్త పొడుగు కేసు వస్తే క్రింప్ డై దాన్ని కిందికి నొక్కి భుజం దగ్గర ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు కంటికి ఆనదు గానీ లీవర్ మూసుకోవడానికి అరంగుళం ముందే ఆగిపోతుంది. ఎదురుగా జింక నిలబడ్డప్పుడు ఇది తెలుసుకోవడం మంచిది కాదు, తయారైన ప్రతి తూటానీ ముందే చాంబర్‌లో పెట్టి చూడాలి. అది కూడా షూటింగ్ రేంజ్‌లో, మూతి సురక్షితమైన వైపు పెట్టి.

ఎక్స్‌పాండర్ మారాక ఊడదీసిన మెత్తని బుల్లెట్ 0.3097 చూపించింది. సీసం కట్టడం ఆగింది. గ్రూప్ రెండుంబావు అంగుళాలకి దిగింది. మొదటి సీజన్ అంత బిగువుగా మాత్రం రాలేదు, ఆ మాట దాచను. ఆంటిమొనీ (వీల్ వెయిట్లలో సీసాన్ని గట్టిపరిచే లోహం) తగ్గితే పోత చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. వీల్ వెయిట్లతో ఈ అచ్చు 0.3115 ఇస్తే, మెత్తని మిశ్రమంతో 0.310 దగ్గరే ఆగుతుంది. సైజింగ్ డై దాన్ని తాకీ తాకనట్టు వదిలేస్తుంది. పైగా ముక్కు భాగం 0.300 మాత్రమే. మైక్రో-గ్రూవ్‌లో గాళ్ళ లోతు తక్కువ, గట్ల మధ్య ఈ బారెల్‌లో 0.302 ఉంది. ముక్కుకి ఆనిక లేదు, బుల్లెట్‌ని మధ్యలో పట్టుకునే భారమంతా ముందు బ్యాండ్ మీదే. ముక్కు పొట్టిగా, బ్యాండ్లు వెడల్పుగా ఉన్న అచ్చు ఇలాంటి బారెల్‌కి ఇంకా నప్పుతుంది. ఇంకోసారి కొనాల్సొస్తే ముందు ముక్కు కొలతే అడుగుతాను.

లూబ్ బదులు పౌడర్ కోటింగ్ (రంగు పొడి పట్టించి ఓవెన్లో కాల్చే పూత) కూడా చూశాను. పొగ లేదు, చేతికి జిడ్డు లేదు, హాయి. కానీ పూతతో వ్యాసం పెరుగుతుంది, మళ్ళీ సైజ్ చేయాలి. 200 డిగ్రీల (సెల్సియస్) ఓవెన్‌లో ఇరవై నిమిషాలుంటే నీళ్ళలో సంపాదించిన గట్టిదనం పోతుంది. అది కావాలంటే ఓవెన్‌లోంచి తీసి తీయగానే మళ్ళీ నీళ్ళలో వేయాలి.

పోతలో ఏరివేతకి ఒకటే సూత్రం పెట్టుకున్నాను: అడుగు అంచు. ముక్కు మీద చిన్న ముడత ఉన్నా అట్ట మీద తేడా తెలియలేదు. అడుగు అంచు గుండ్రబడితే మాత్రం తిరిగి కుండలోకే. నీళ్ళ బకెట్ కుండకి దూరంగా, కింద ఉండాలి. కరిగిన సీసంలో ఒక్క చుక్క పడితే మొత్తం పైకి ఎగజిమ్ముతుంది. వీల్ వెయిట్లలో జింక్‌వి కలుస్తుంటాయి, జింక్ 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగించేటప్పుడు వేడి అంతకంటే బాగా తక్కువ ఉంచితే అవి పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు.

కొనాలా అంటే, ఈ అనుభవం ఒక్క బారెల్‌ది. వేట దూరం వంద గజాల లోపే. మార్లిన్‌లో ఒక్క మర తీస్తే లీవర్, బోల్ట్ బయటికొచ్చేసి బారెల్‌ని వెనక నుంచి శుభ్రం చేసుకోవచ్చు, కాబట్టి సీసం కట్టినా ప్రయోగాలకి ఓపిక మిగిలింది. వించెస్టర్ 94లో రాడ్ మూతి నుంచే దూర్చాలి, అక్కడ ఇన్ని తప్పులు చేసి ఉండేవాణ్ణి కాదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం, అక్కడివాళ్ళకి ఇది అట్ట మీద సరదాకే. ఏడాదికి వంద తూటాలు కూడా పేల్చనివాళ్ళు అచ్చు జోలికి పోకుండా 0.310కి సైజ్ చేసి అమ్మే పోత బుల్లెట్లు కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఆ రెండు మెట్ల ఎక్స్‌పాండర్ కొనుక్కోవచ్చు.