సుద్దకొండల్లో రైలు దారి: తొలచడమా, పేల్చడమా, కొండ కింద పరచడమా?

ఇంగ్లండ్ ఆగ్నేయ తీరాన ఫోక్‌స్టన్, డోవర్ ఊళ్ల మధ్య 1844లో మొదలైన రైలు మార్గం సముద్రం మీదికి నిటారుగా నిలిచిన సుద్దకొండల వెంట సాగుతుంది. మెత్తని అవక్షేప శిలలో దారి వేయడానికి ఉన్న మూడు పద్ధతులనూ ఇంజినీరు విలియం క్యూబిట్ ఆ కొద్ది మైళ్లలోనే వాడవలసి వచ్చింది కనుక, వాటి గుణదోషాలను పక్కపక్కన ఉంచి చూడవచ్చు.

చూపరులను అబ్బురపరిచింది పేల్చడమే. 1843 జనవరి 26న రౌండ్ డౌన్ కొండలో 8 టన్నులకు పైగా తుపాకిమందును విద్యుత్తుతో అంటించగా, దాదాపు 10 లక్షల టన్నుల సుద్ద ఒడ్డుకు జారిపడింది. నెలల తవ్వకం క్షణాల్లో తీరింది. అయితే ఇలా కోసిన సుద్దగోడ వానకూ మంచుకూ పెచ్చులూడుతూనే ఉంటుంది.

షేక్‌స్పియర్ కొండను తొలిచేటప్పుడు క్యూబిట్ రెండు పట్టాలకూ కలిపి ఒకే వెడల్పాటి సొరంగం తవ్వే సాహసం చేయలేదు. ఒక్కో దారికి ఒక్కొక్కటిగా, ఇరుకుగా, ఎత్తుగా, పైన మొనదేలిన రెండు సొరంగాలు తవ్వించారు. కప్పు వెడల్పు తగ్గితే పైనున్న సుద్ద బరువు పక్కగోడల మీదుగా సులువుగా దిగిపోతుంది. చర్చి కిటికీల్లా కనిపించే ఆ ముఖద్వారాలు అలంకారానికి పుట్టినవి కావు.

మూడో పద్ధతిలో, వారెన్ అనే చోట, పూర్వం కొండ జారిపడగా ఏర్పడిన ఎగుడుదిగుడు నేల మీదనే పట్టాలు పరిచారు. అక్కడ సుద్ద కింద గాల్ట్ అనే బంకమన్ను పొర ఉంది. సుద్ద పగుళ్లలోంచి దిగిన వాననీరు ఆ పొర దగ్గర ఆగి దాన్ని నానబెడుతుంది. అడుగున సముద్రం ఒడ్డును కోస్తుంది. 1915 డిసెంబరు 19న నేల పట్టాలతో సహా సముద్రం వైపు కదిలిపోయింది. ఒక రైలు అందులో చిక్కుకున్నా ప్రాణనష్టం జరగలేదు గానీ, దారి 1919 దాకా మూతబడింది. తరువాత నీరు బయటికి పోయేలా చిన్న సొరంగాలు తవ్వి, తీరాన కాంక్రీటు బరువు మోపవలసి వచ్చింది.

నా ఎంపిక తొలచడమే, కానీ ఏ పొరలో అన్నది ముందు తేలాలి. 1994లో ప్రారంభమైన ఇంగ్లిష్ చానల్ సొరంగాన్ని ఎక్కువ భాగం సుద్దకూ గాల్ట్‌కూ నడుమ ఉన్న మార్ల్ పొరలోనే నడిపారు. సుద్దలో బంకమన్ను కలిసిన ఆ రాయి యంత్రానికి సులువుగా తెగుతుంది, నీటిని అంతగా రానివ్వదు, తవ్విన తరువాత కూలకుండా నిలుస్తుంది. వారెన్‌లోనైతే నేల కదలికలను ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నారు.